ముందు గూట్లో పది కోళ్లు

నామక్కల్ దగ్గర ఒక కోళ్ల టీకాల ల్యాబు వరండా. చిత్తిరై నెల ఎండ ఎనిమిదిన్నరకే గడప దాటింది. బెంచీకి ఒక చివర డాక్టర్ తేన్‌మొళి, ఇంకో చివర ఆ ల్యాబుకు గుడ్లు తెచ్చే పూవాయి. ఇద్దరి మధ్యా మజ్జిగ కుండ, మూత బిగించిన ఐసు ఫ్లాస్కు.

"ఇంకో గ్లాసు పొయ్యి పూవాయక్కా. నీ మాటలెలా ఉన్నా మజ్జిగ మాత్రం అమృతం. ఇంత చల్లగా ఎలా ఉందీ? అరె, ఐసు ముక్కలు! మీ పల్లెలో ఐసు ఫ్యాక్టరీ ఎప్పుడు పెట్టారు?"

"దొరికిందిలేమ్మా. తాగండి."

"దొరికిందట, దారిన పోతుంటే! సరే, ఇందాకటి మాట మళ్లీ చెప్పు. పొద్దున్నే కాస్త నవ్వుకుంటాను."

"నవ్వేదేం లేదు డాక్టరమ్మా. మీ కొత్త టీకా ఇయ్యాల మా మయిలాత్తా కోళ్లకు వెయ్యబాకండి."

"ఎందుకు వెయ్యకూడదో?"

"ఇయ్యాల మంచి దినం కాదు."

"రాహుకాలమా? వర్జ్యమా?"

"మంగళారం."

"మంగళవారం! చూశావా, ఈ ముక్క మాకు తట్టనే లేదు. నాలుగేళ్లుగా వైరస్ ఒంటి మీద ప్రొటీన్లు ఒక్కొక్కటే విప్పి చూశాం గానీ, దానికి మంగళవారం పడదని కనుక్కోలేకపోయాం. శుక్రవారం ఢిల్లీ నుంచి కమిటీ వస్తోంది. నిన్ను కుర్చీ వేసి కూర్చోబెడతాను, వాళ్లకి నువ్వే చెబుదువుగాని."

"ఎగతాళి చెయ్యండి, పడతా. ఆరింటి కాణ్ణించి ఈ బెంచీ మీద కూచోబెట్టారు, అదీ పడ్డా."

"నేను కూర్చోబెట్టానా? గుడ్లు దించేసి పోయేదానివి, డాక్టరమ్మతోనే మాట్లాడాలని దినకరన్‌ని పీక్కుతిన్నావట. ల్యాబులో పనిచేసేవాడికి వేరే పనుండదనుకున్నావా? తొమ్మిదికి బండి బయల్దేరాలి. అసలు సంగతి చెప్పు. ఆడపడుచుతో పోట్లాడావా?"

"లేదే."

"చీర దగ్గరా? పొలం గట్టు దగ్గరా?"

"అయ్యేం లేవంటున్నా కదమ్మా. మా మొగుడి తోడబుట్టింది, మొగుడు పోయినాక ఆ కోళ్లే దానికి మొగుడూ బిడ్డలూ. దాంతో నాకు తగూ ఏముంటాది?"

"మరి దాని పేరు నాకు చెప్పింది ఎవరు? నాటు కోళ్లు నాలుగొందలు, పుట్టి బుద్ధెరిగాక ఒక్క చుక్క టీకా ఎరగవు, మీ కొత్త మందు పరీక్షకు అచ్చంగా సరిపోతాయి అని నా చుట్టూ తిరిగింది ఎవరు?"

"నేనే."

"నువ్వే. ఇప్పుడు వద్దంటోందీ నువ్వే. అక్కా, నీ కోడి కుయ్యకపోతే తెల్లారదనుకుంటున్నావేమో. మయిలాత్తా సంతకం పెట్టేసింది."

"ఏలిముద్ర. నేనే పట్టుకుని ఏయించా. ఏలు ఎటు తిప్పాలో కూడా దానికి తెలవదు. అందుకే నేనే వద్దంటున్నా."

"మళ్లీ మొదటికొచ్చింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నీతో."

"అయితే ఊదండి. ఒక్కసారి నాకు తెలిసేట్టు చెప్పండి. ఆ ఫ్లాస్కులో ఏముంది?"

"ముట్టుకోకు!"

"ముట్టుకోటల్లేదమ్మా. చూపిస్తన్నా."

"చూపించడానికి వేలు చాలు, చెయ్యెందుకు? అది కలిపి పెట్టిన మందు. దినకరన్ ఆరింటికి సీసాలు నింపి ఐసులో పెట్టాడు. ఐసులో ఉంటే సాయంత్రం దాకా బతుకుతుంది. ఐసు లేదా, ఈ ఎండకి గంటన్నర. ఆ తర్వాత అది మందు కాదు, కుండ కడిగిన నీళ్లు."

"ఎందుకట్టా?"

"ప్రొటీన్ కాబట్టి. గుడ్డు ఉడికిస్తే తెల్లసొన గట్టిపడుతుంది కదా? గట్టిపడ్డది మళ్లీ నీళ్లలా అవుతుందా?"

"కాదు."

"ఇదీ అంతే. వేడి తగిలితే వంకర పోతుంది. పోయింది మళ్లీ సరి కాదు. అర్థమైందా? అమ్మయ్య, ఒక మాట ఎక్కింది. దినకరన్‌కి ఈ మాత్రం చెప్పడానికి ఏడాది పట్టింది."

"ఇది పాడైతే ఇంకోటి లేదా లోపల?"

"ఉంటే నేనింత కాపలా ఎందుకు కాస్తాను? ఇంకో బ్యాచి కావాలంటే నెల. దానికీ నీ గుడ్లే కావాలి."

"ఊఁ. చెప్పండి. ఏం చేస్తాది ఆ మందు?"

"బడికొచ్చావా ఏంటి? సరే విను, అరగంట ఎలాగూ ఉంది. కొక్కెర తెగులు వైరస్ ఒంటి నిండా ముళ్లుంటాయి. ప్రొటీన్ ముళ్లు. ఒక రకం కోడి ఒంట్లో కణాన్ని పట్టుకుని వేలాడ్డానికి. ఇంకో రకం ఆ కణం గోడలో కన్నం పెట్టి లోపలికి దూరడానికి. ఈ రెండోది మడత కత్తి లాంటిది. మడిచి ఉన్నంతసేపూ దేనికీ కొరగాదు. దాన్ని తెరిచేది వైరస్ కాదు, కోడే."

"కోడే తెరస్తాదా? ఇంటావిడే దొంగకు గునపం ఇచ్చినట్టు?"

"అలాగే అనుకో. కోడి ఒంట్లో రకరకాల కత్తెరలుంటాయి. మెత్తని వైరస్ ఉందనుకో, దాని కత్తికి గొంతులోనూ పేగులోనూ ఉండే కత్తెర తప్ప ఇంకేదీ పనిచెయ్యదు. అందుకని అక్కడక్కడే తచ్చాడి, కోడిని రెండుసార్లు తుమ్మించి పోతుంది. ఆలోపు కోడి ఒళ్లు ఆ ముళ్లని గుర్తుపట్టేసి కాపలా పెట్టుకుంటుంది. అదే టీకా. రాకాసి వైరస్ కత్తి అలా కాదు. ఒంట్లో ఏ కత్తెరైనా దాన్ని తెరుస్తుంది. గుండెలో తెరుచుకుంటుంది, మెదడులో తెరుచుకుంటుంది. మూడేళ్ల కింద మీ ఊరి కోళ్లు మెడలు తిప్పేసుకుని గిర్రున తిరిగి చచ్చాయే, అదీ సంగతి."

"నాకు చెప్తారా అది? తెల్లారేసరికి గూట్లో ఒక్కటి నిలబడి లేదు. మెడ ఈపు మీదికి పెట్టుకుని ఆకాశం చూస్తన్నాయి. గంపలతో మోశా. రెండు దినాలు గుంటలు తవ్వతానే ఉన్నా."

"ఆ రాకాసినే పట్టుకొచ్చి దాని కత్తి మడత మార్చేశాం మేం. ముళ్లన్నీ అవే, చూడ్డానికి అచ్చం అదే. కానీ గొంతు కత్తెర తప్ప ఇంకేదీ దాన్ని తెరవలేదు. పాత టీకా ఎప్పటిదో ముసలి వైరస్. అది నేర్పే కాపలా ఇప్పటి దొంగని సగమే గుర్తుపడుతుంది. మాది పూర్తిగా గుర్తుపట్టిస్తుంది. తెలిసిందా?"

"మీరు మార్చిన మడత అది మళ్లీ మార్చుకుంటే?"

"చూడవే! గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించిందట. కమిటీలో పెద్దాయన కూడా ఇదే అడిగాడు, ఏదో తానే కనిపెట్టినట్టు. మార్చుకుంటుంది, నిజమే. గుడ్డు నుంచి గుడ్డుకి పెంచుతున్నప్పుడు ఎక్కడో ఒక చిన్న తేడా వస్తే చాలు, మళ్లీ రాకాసే. అందుకేగా ప్రతి బ్యాచీకీ పరీక్ష చేసేది! ఊరికే పంచిపెడతామా?"

"ఏం పరీచ్చ?"

"పది రోజుల గుడ్డులోకి సూదితో వైరస్‌ని ఎక్కిస్తాం. పూటపూటా దీపం ముందు పెట్టి చూస్తాం. రాకాసి అయితే లోపలి పిల్ల అరవై గంటల్లోపే చస్తుంది. మెత్తనిదైతే తొంభై దాటుతుంది. మాది ఎంత? నూట పది! ఐదు బ్యాచీలు, ఐదూ నూట పది పైమాటే. అక్కడితో ఆగలేదు, ఒక్కరోజు పిల్లలకి తలలోకే ఎక్కించి చూశాం. ఒక్కటి చావలేదు. తెలుసా, ఆ కాగితాలు చూసి డైరెక్టరు నోరు మొదటిసారి మూతపడింది."

"ఎవురి గుడ్లు?"

"ఏంటీ?"

"పరీచ్చకు ఎవురి గుడ్లు వాడారు?"

"నీవి. ఇంకెవరివి? పిల్లలు కూడా నీ గుడ్లు పొదిగించినవే. రెండేళ్లుగా ఈ గడప లోపలికి ఇంకో ఇంటి గుడ్డు రాలేదు. అదే కదా మా గొప్ప! టీకా ఎరగని కోళ్లు, మచ్చలేని గుడ్లు."

"మచ్చలేని గుడ్లు."

"చెప్పిందే చెప్పకు. గర్వంగా లేదా నీకు?"

"పోయిన గురువారం కోళ్లోళ్లందరికీ మీటింగు పెట్టారు కదమ్మా."

"పెట్టాను. టమాటా అన్నం తిని సగం మంది కునుకు తీశారు."

"నేను కునకలా. మీరు బోర్డు మీద గుడ్డు బొమ్మ గీశారు. తల్లికి టీకా వేస్తే ఆ కాపలా పచ్చసొనలో దిగతాది, పిల్లకు పుట్టేటప్పుడే అందతాది అన్నారు. ఎంటనే పిల్లకు మందెయ్యబాకండి, తల్లి ఇచ్చిన కాపలా ఆ మందును చంపేస్తాది అన్నారు."

"అబ్బో! పాఠం అప్పజెప్పావే. పలక కొనిపెట్టనా?"

"అది నిజమేనా?"

"నిజం కాక నీకు కథ చెప్పానా?"

"అయితే నా గుడ్లలో ఆ కాపలా ఉందనుకోండి."

"లేదు."

"ఉందనుకోండి."

"అనుకోవడం ఎందుకు? సరే, ఉందే అనుకో. అప్పుడు రాకాసిని ఎక్కించినా పచ్చసొనలోని కాపలా దాని ముళ్లు పట్టేసుకుంటుంది. పిల్ల చావదు, చచ్చినా మెల్లిగా చస్తుంది. నూట పది గంటలు చూపించినా దానికి గుడ్డి గవ్వ విలువ ఉండదు. అందుకే నీ గుడ్లకి సంత ధర మీద మూడింతలు ఇస్తున్నాం. నీ మొహం చూసి కాదు. ఏంటలా చూస్తున్నావు?"

"డాక్టరమ్మా."

"ఊఁ."

"నా కోళ్లకు చుక్కలేశా."

"ఏం చుక్కలు?"

"కంట్లో ఏసే చుక్కలు. కొక్కెర తెగులు చుక్కలు. పాత మందే, బజార్లో దొరికేది."

"భలేదానివే! ఆడపడుచు కోళ్లని ఈ బండి నుంచి తప్పించడానికి ఇంత కథ అల్లావా? ఇంకాస్త ఆలోచించుకుని వచ్చి ఉంటే ఇంకా మంచి కథ దొరికేది."

"కథ కాదు."

"కథే. ఎందుకో చెప్పనా? నెల నెలా దినకరన్ నీ కోళ్ల రక్తం తెచ్చి పరీక్ష చేస్తున్నాడు. చుక్క పడితే రక్తంలో కాపలా కనిపిస్తుంది. రెండేళ్లలో ఒక్కసారీ కనిపించలేదు. కాగితాలున్నాయి నా దగ్గర."

"ఏ కోళ్ల రక్తం?"

"నీ కోళ్లదే."

"నా కోళ్లు ఆరొందలు. అబ్బాయి ఎన్నింటికి తీస్తాడు?"

"పదింటికి. రూలు అదే. ఎక్కడ పడితే అక్కడ, ఏది దొరికితే అది..."

"ఏది దొరికితే అదే. రోడ్డు పక్కన ముందు గూట్లో పది కోళ్లు దొరకతాయి. ఆ పదింటికి నేను చుక్కలెయ్యలా. ఎనక షెడ్డుకు పోవాలంటే పేడ గుంట దాటాలి. దినకరన్ తెల్ల బూట్లేసుకుని వస్తాడు. ఈ రెండేళ్లలో ఒక్కసారి ఆ గుంట దాటింటే నన్ను చెప్పుతో కొట్టండి. ఫొటో కూడా తీసుకున్నాడు ఆ పదింటితో. మీ గోడకు తగిలించారు కదా, శుద్ధమైన మంద అని కింద రాసి. ఆ పదీ శుద్ధమైనయ్యే. ఫొటోలో అబద్ధం లేదు."

"నోరు ముయ్యి."

"ముందు ఇనండి, తర్వాత మూస్తా."

"ఎప్పటి నుంచి?"

"పోయినేడు ఆడి నెల కాణ్ణించి, తొమ్మిది నెలలు. మూడు నెలలకోసారి."

"మొదటి బ్యాచి మేం పరీక్ష చేసింది ఆ తర్వాత మూడు నెలలకి, ఐప్పసిలో. అంటే ఐదూ..."

"ఐదూ."

"ఐదూ! ఆ ఒక్కరోజు పిల్లలు కూడా... ఎంత పని చేశావే! తిన్నింటి వాసాలు లెక్కపెట్టావు కదే! కోళ్లన్నీ చచ్చి గుంట దగ్గర కూర్చుని ఏడుస్తుంటే పిల్లల్ని ఇచ్చిందెవరు? మేత ఇచ్చిందెవరు? ఒక్క మాటే కదా అడిగాను నిన్ను! ఒక్క చుక్క వెయ్యకు అని!"

"అడిగారు. నేనూ సరేనన్నా. ఏడాది ఆగా. ఆడి నెల్లో పక్కూళ్లో మళ్లీ మొదలైంది. ఇప్పుడైనా ఎయ్యనా అని మిమ్మల్నే అడిగా, గుర్తుందా? మీరు ఫోన్లో ఏమన్నారు?"

"ఏమన్నాను?"

"గూళ్ల చుట్టూ సున్నం చల్లుకోమన్నారు. సున్నం! ఆరొందల ప్రాణాలకు. మెడలు ఎనక్కి పెట్టుకుని నా కళ్ల ముందు ఇంకోసారి తిరగతంటే చూడలేక ఏశానమ్మా. తప్పే. దొంగతనమే. మీరు ఇచ్చే డబ్బు కూడా తిన్నా. కానీ నా గుడ్డు మీ పరీచ్చను ఇట్టా మోసం చేస్తాదని గురువారం దాకా నాకు తెలవదు. ఆ బొమ్మ చూసినాక టమాటా అన్నం గొంతులోనే ఆగిపోయింది."

"గురువారం తెలిస్తే మంగళవారం చెప్తావా?"

"శుక్రారం వచ్చా, మీరు మీటింగులో ఉన్నారన్నారు. శనివారం వచ్చా, గుడ్లు దించి పొమ్మన్నారు. నిన్న వచ్చా. నా మొహాన కారు అద్దం ఎక్కించుకుని పోయారు."

"నాకు పని ఉండదా? గుడ్లమ్మే ప్రతి మనిషి కోసం కారు ఆపుకుంటూ పోవాలా? ఆ దినకరన్ గాడి ఉద్యోగం ఈ పూటతో సరి."

"తీసెయ్యండి. ఇంకో అబ్బాయిని పంపతారు. వాడికీ బూట్లుంటాయి."

"మాటలు బాగా నేర్చావు. నీ కాంట్రాక్టు కూడా ఈ పూటతో సరి, తెలుసా?"

"తెలిసే వచ్చా. పోతే పోయింది. బండి ఆపండి చాలు. డాక్టరమ్మా, బండి."

"ఆగు. ఆలోచించనీ. నూట పది గంటలు వచ్చింది. పచ్చసొనలో కాపలా ఉన్నా కూడా దాని పని ఎంత ఉంటుంది? పది గంటలో పదిహేనో. తీసేసినా తొంభై పైనే ఉంటుంది."

"ఉంటాదా?"

"ఉండొచ్చు."

"ఇందాక గుడ్డి గవ్వ విలువ ఉండదన్నారు."

"ఇందాక నీకు తేలిగ్గా అర్థం కావాలని అలా అన్నాను. సైన్సులో ఏదీ అంత గట్టిగా ఉండదు."

"నూట పది గట్టిగా ఉందన్నారు. డైరెక్టరు నోరు మూతపడేంత గట్టిగా."

"కోడిగుడ్డు మీద ఈకలు పీకకు! మడత మేం మార్చాం. నా చేత్తో మార్చాను. అది మెత్తనిదే. నాకు తెలుసు."

"మీకు తెలిస్తే మళ్లీ పరీచ్చ ఎందుకు పెట్టారు? తెలవకనే కదా? వేరే గుడ్లు తెప్పించండి. నాలుగు దినాల పని. మెత్తనిదైతే మయిలాత్తా కోళ్లు నేనే పట్టుకుని కళ్లు తెరిపిస్తా, మీరే చుక్క వెయ్యండి."

"నాలుగు రోజులు లేవు. శుక్రవారం కమిటీ. టీకా వేసిన నాలుగొందల కోళ్లు వాళ్ల కళ్ల ముందు తిరుగుతూ కనపడాలి. కనపడితే ఈ ల్యాబు ఉంటుంది, లేకపోతే ఈ పని ఇంకొకళ్లకి పోతుంది. వాళ్లకైతే కత్తికీ కత్తెరకీ తేడా తెలియదు!"

"ఇయ్యాల ఏస్తే శుక్రారానికి ఎన్ని దినాలు?"

"మూడు."

"ఆ తెగులు తగిలితే కోళ్లు ఎన్నో దినాన మెడ తిప్పతాయి?"

"ఇప్పుడదంతా ఎందుకు?"

"చెప్పండి, మీరు చదూకున్నోరు. నేను గుంటలు తవ్విందాన్ని, నాకూ తెలుసు. మూడు దినాలు శుబ్బరంగా తిరగతాయి. కమిటీ టిఫిను తిని పోతాది. శనివారం మొదలవతాది."

"అలా జరగదు."

"జరిగితే?"

"జరిగితే... నాలుగొందల నాటు కోళ్లేగా! పరిహారం ఇప్పిస్తాను. ఒక్కోదానికి రెండు కోళ్ల ధర. మీ మయిలాత్తా తన జన్మలో అంత డబ్బు చూసి ఉండదు."

"అంటుకునే జబ్బమ్మా అది! మయిలాత్తా కోడి తుమ్మితే పక్కింటి కోడి, పక్కింటిది తుమ్మితే పక్కూరు. ఎవురెవురికి ఇప్పిస్తారు? సున్నం పంపతారా?"

"ఎక్కువ మాట్లాడుతున్నావు పూవాయక్కా. ఇది బయటికొస్తే ముందు ఎవరు పోతారో తెలుసా? సంతకం పెట్టి, డబ్బు తిని, దొంగ గుడ్లు అమ్మింది నువ్వు. పోలీసు జీపు నీ పేడ గుంట దగ్గరే ఆగుతుంది, నా గేటు దగ్గర కాదు."

"ఆగనీ."

"ఆగనీయట! సరే, పోట్లాట వద్దు. విను. నువ్వు నాకేం చెప్పలేదు. నేనేం వినలేదు."

"ఏందీ?"

"పొద్దున వచ్చావు, మజ్జిగ ఇచ్చావు, వెళ్లిపోయావు. రేపటి నుంచి గుడ్లు మామూలుగానే తే. కాంట్రాక్టు ఉంటుంది. ధర కూడా పెంచుతాను."

"ఆ గుడ్లేనా?"

"ఆ గుడ్లే."

"మచ్చలేనియ్యి."

"ముందు గూట్లో పది కోళ్లు ఎప్పుడూ ఉన్నట్టే ఉండాలి. అంతే. దినకరన్‌ని కూడా ఏమీ అననులే."

"భలే చదువమ్మా మీది! నేను తొమ్మిది నెలలు దొంగతనం చేసి నాలుగు దినాలు అన్నం తినలేకపోయా. మీరు కూచున్న చోటే ఒక్క గుటకలో మింగేశారు. మీ కోసం ఎంత బయపడ్డానో! ఈ మాట ఇంటే కూలబడిపోతాదేమో, నాలుగేళ్ల కష్టం కదా, పాపం అనుకున్నా. బండి ఆపేస్తారు, కాళ్ల మీద పడదామనుకున్నా."

"నీ పాపం నాకేం అక్కర్లేదు. లే, బెంచీ ఖాళీ చెయ్యి. టైమైంది. రాసప్పన్! ఏయ్ రాసప్పన్! బండి తియ్యి. వచ్చి ఈ ఫ్లాస్కు తీసుకెళ్లు."

"వచ్చానమ్మా. ఇదేనా? మూత తియ్యకుండా ముందు సీట్లో పెట్టమన్నారు దినకరన్ సారు... అమ్మా."

"ఏంటి?"

"ఇదేంటమ్మా, ఇంత తేలిగ్గా ఉంది? రోజూ ఎత్తితే నడుం పడుతుంది."

"దినకరన్ గాడు ఐసు తక్కువ పోసి ఉంటాడు. బూట్లు తడుస్తాయని! మూత తీసి చూడు."

"తక్కువ కాదమ్మా, అసలు లేదు. ఒక్క ముక్క లేదు. సీసాలు చెయ్యి పెడితే కాలుతున్నాయి."

"కాలడమేంటి? ఇటు తే! ఇటు తే... మూడు గంటలైనా కాలేదే నింపి! అక్కా! ఇక్కడే కూర్చున్నావు కదా నువ్వు, ఆరింటి నుంచి! ఎవరొచ్చారు? ఎవరు తీశారు ఇది?"

"మూడు కాలా డాక్టరమ్మా. ఐసు తీసేసి రెండున్నర గంటలు దాటింది. సీసాలన్నీ ఆ ఎదర గోడ మీద వరసగా పేర్చి ఎండకు పెట్టా. మీ కారు గేటులోకి వస్తంటే మళ్లీ లోపల సర్దేశా. ఇంకాస్త ముందొచ్చుంటే ఏమన్నా మిగిలుండేదేమో, మీరు రాలా."

"నువ్వా! అంటే ఇంతసేపూ... కత్తులనీ కత్తెరలనీ నాచేత... దొంగముండా! ఐసేదీ? అంత ఐసు ఏం చేశావే?"

"చల్లగా ఉందని రెండు గ్లాసులు తాగారు కదమ్మా. అడుగున ఇంకొకటి ఉంది, పొయ్యమంటారా?"